తొమ్మిదీ పదికి వచ్చిన ఉద్యోగం

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి, చెల్లెలికి ఉద్యోగం వచ్చిన సంగతి లోకమంతా చదివింది. రెండువందల పద్నాలుగు మంది అభినందనలు చెప్పారు. ఒకే గదిలో పక్క మంచం మీద పడుకునే అక్కకి మాత్రం ఆ కబురు సాయంత్రం అయిదింటికి, కళ్ళజోడు స్క్రూ బిగించుకోవడానికి దుకాణానికొచ్చిన పొరుగింటావిడ నోటి మీదుగా తెలిసింది. అప్పటికి చెల్లెలి ఫోను పలకడం మానేసి ఎనిమిది గంటలు దాటింది.

బుధవారం పదకొండు గంటలకి ఆ గది గుమ్మంలో నిలబడి ఈ సంగతంతా రెండోసారి చెప్పించుకున్నాడు గడియారం. అమ్మానాన్నా పెట్టిన పేరు వేరే ఉంది గానీ దాంతో పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు. ఇరవై రెండేళ్ళు ఒక మిల్లు గేటు దగ్గర టైమ్‌కీపరుగా కూర్చుని, ఆలస్యంగా వచ్చేవాళ్ళ అబద్ధాలు వినీ వినీ, మిల్లు మూతపడ్డాక ఆ విద్యనే బతుకుతెరువు చేసుకుని డిటెక్టివ్ అయిన మనిషి. ఎవరే కథ చెప్పినా ముందు "ఎన్నింటికి?" అంటాడు. అందువల్ల ఆయనకి స్నేహితులు తక్కువ, కేసులు ఎక్కువ.

"ఏడవాలనిపిస్తే ఏడువమ్మా. టైములు మాత్రం వదలకు," అన్నాడు అక్కతో.

అక్క ఏడవలేదు. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మనిషి కదా, అంకె తర్వాత అంకె చెప్పుకుంటూ పోయింది. చెల్లెలు లిఫ్టులు తనిఖీ చేసే ఇంజనీరు. ఆర్నెల్ల కిందట ఓ ఆరంతస్తుల భవనంలో లిఫ్టు తాళ్ళు అరిగిపోయాయని, వెంటనే మార్చాలని రాసింది. అంతా సవ్యంగా ఉందని రాసి సంతకం పెట్టమన్నారు పైవాళ్ళు. పెట్టనంది. వారం తిరక్కుండానే ఉద్యోగం ఊడింది. పోయిన నెల అదే లిఫ్టు తెగి పడి ఇద్దరు చచ్చిపోయారు. ముందు రోజు దాకా తాళ్ళు నిక్షేపంలా ఉన్నాయని పాత కంపెనీ కాగితాలు చూపిస్తోంది. ఈ శుక్రవారం దాని మీద విచారణ ఉంది.

ఇక నిన్నటి సంగతి. ఎనిమిదీ అయిదుకి ఇంట్లోంచి బయల్దేరింది. పది గంటలకి ఒక కొత్త కంపెనీలో ఇంటర్వ్యూ. భుజాన గోనెరంగు సంచీ, చేతిలో ఫైలు. ఎనిమిదీ ఇరవైకి బస్సు ఎక్కానని మెసేజి పెట్టింది. ఎనిమిదీ యాభై రెండుకి ఫోను ఆగిపోయింది. తొమ్మిదీ పదికి, ఉద్యోగాలవాళ్ళు పరిచయాలు పెంచుకునే సైట్లో, ఉద్యోగంలో చేరిపోయానని పోస్టు. ఆ తర్వాత ఏమీ లేదు.

"పదింటికి ఇంటర్వ్యూ, తొమ్మిదీ పదికి ఉద్యోగమా?" అన్నాడు గడియారం. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందే."

"అదే నా గోల బాబాయిగారూ. అది అలాంటి పిల్ల కాదు. మీరే చూడండి," అని అక్క గోడ చూపించింది.

గడియారం గదిలోకి అడుగుపెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, ఏదీ ముట్టుకోకుండా చూశాడు. బల్ల కిటికీకి ఎదురుగా తిప్పి ఉంది. వీడియోలో మాట్లాడేటప్పుడు మొహం మీద వెలుగు పడాలిట. కుర్చీ వెనక గోడ మీద మేకు కూడా లేదు. బల్ల పక్క గోడ నిండా మాత్రం కాగితాలే. ఇరవై కంపెనీల పేర్లు, ఒక్కొక్క పేరు కింద అక్కడ పనిచేసేవాళ్ళలో ఎవరు పరిచయమయ్యారు, ఏ తేదీన ఏం మాట్లాడారు అన్న వివరాలు. మిల్లులో హాజరు పట్టీ కూడా ఇంత శుభ్రంగా ఉండేది కాదని గడియారానికి అసూయ కలిగింది.

ఉద్యోగం పోయాక ఉద్యోగం వెతుక్కోవడమే దానికి ఉద్యోగమైపోయిందని అక్క చెప్పింది. మొదటి నెల అందరిలాగే కనబడ్డవాళ్ళందరికీ "సార్, ఏదైనా ఖాళీ ఉందా" అని పంపి, ఒక్క జవాబూ రాక దిండులో మొహం పెట్టుకుని ఏడ్చిందిట. రెండో నెల నుంచి పద్ధతి మార్చింది. గోడ మీద ఒక కాగితం మీద ఎర్ర సిరాతో ఇలా ఉంది: మొదటి మాటలోనే ఉద్యోగం అడక్కు. ముందు వాళ్ళు రాసింది చదువు. చదివినట్టు తెలిసేలా రెండు మాటలు రాయి. అడగడం మూడోసారికి. ఇంకో కాగితం మీద: పొద్దున్న ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకానే, తర్వాత ఫోను ముట్టుకోకు. పాత ఫొటోల్లో నాలుక బయటపెట్టినవి తీసెయ్యాలి అని కూడా ఒక చీటీ ఉంది. పదకొండు తీసేసిందిట, పన్నెండోది అక్క ఫోనులో భద్రంగా ఉందిట.

గడియారం అన్నిటికంటే పైన అంటించిన కాగితం దగ్గర ఆగాడు. 'కాగితం చేతికి రానిదే కబురు నోటికి రాకూడదు' అని ఉంది. దాని కింద వేరే దస్తూరీలో 'వస్తే ముందు నాకు' అని ఉంది. అది నేనే రాశానని అక్క ఒప్పుకుంది.

పోస్టు చూపించమన్నాడు. అక్కకి ఈ గొడవలేవీ పట్టవు, నిన్న రాత్రే పొరుగింటావిడ చేత ఖాతా తెరిపించుకుంది. పోస్టు నాలుగు వాక్యాలు. కంపెనీ పేరు, వీధి, ఎన్నో అంతస్తు, తనని రమ్మన్న మేనేజరు పేరు, అన్నీ పూర్తిగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ సాయపడ్డవాళ్ళలో ఒక్కరి పేరు లేదు. పైగా ఆమె ఫొటో చుట్టూ ఉద్యోగం కోసం చూస్తున్నానని చెప్పే ఆకుపచ్చ పట్టీ ఇంకా అలాగే ఉంది.

"టైము తప్పింది. కాగితం లేకుండా కబురు బయటికొచ్చింది. నీకు చెప్పలేదు. పట్టీ తియ్యలేదు. ఇది ఎవరో ఆమె పేరుతో రాసిందమ్మా," అన్నాడు గడియారం.

"ఎవరు రాశారో తేల్చడానికి డిపార్టుమెంటుంది లెండి," అని వెనకనుంచి వినబడింది.

గుమ్మంలో సైబర్ విభాగం ఇన్‌స్పెక్టరు. ముప్ఫై అయిదేళ్ళవాడు, ఇస్త్రీ మడత నలగనివాడు. నిరుడు ఒక కేసులో ఇతను పట్టుకున్న దొంగ అసలు దొంగే కాదని గడియారం నలుగురిలో తేల్చాడు. అప్పట్నించీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. అక్క రాత్రి ఇచ్చిన ఫిర్యాదు మూసేస్తున్నానని స్వయంగా చెప్పిపోదామని వచ్చాడు. అమ్మాయి మేజరు, తనంతట తానే ఉద్యోగంలో చేరింది, కొత్త ఊపులో ఫోను చూసుకోవట్లేదు, అంతే అన్నాడు. కంపెనీకి ఫోన్ చేసి కనుక్కున్నానని, నిన్ననే చేరిందని వాళ్ళు ఒప్పుకున్నారని చెప్పాడు.

"ఫోన్లో ఒప్పుకున్నారా? మీరు వెళ్ళి చూశారా?"

"ప్రతి ఆఫీసుకీ వెళ్ళి హాజరు వేసుకోవడం మీ పాత ఉద్యోగం గడియారం గారూ, మాది కాదు. ఆ పోస్టు ఎక్కడినుంచి పెట్టారో కూడా మావాళ్ళు తీశారు. అది బయటివాళ్ళకి చెప్పాల్సిన పనిలేదు."

"నేను బయటిదాన్నా?" అంది అక్క. ఇన్‌స్పెక్టరు ఆమె వైపు చూడలేదు. అక్క వదల్లేదు. వారం కిందట చెల్లెలు లిఫ్టు సంగతి చెప్పుకోవడానికి ఇతని దగ్గరికే వెళ్తే, ఇది సాంకేతిక విషయం, సంబంధిత శాఖకి రాసుకోమని ఎదురుకుర్చీలో కూర్చోనివ్వకుండానే పంపేశాడని గుర్తుచేసింది. ఆ మాటకి అతని మెడ ఎర్రబడింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషికి నాలుగో కాలు చూపిస్తే కోపం రాక ఏమొస్తుంది.

గడియారం మధ్యలోకొచ్చి చెల్లెలి మెయిలు తెరవగలవా అని అక్కనడిగాడు. దరఖాస్తుల్లో తప్పులు దిద్దేది ఆమే కనక పాస్‌వర్డు తెలుసు. ల్యాప్‌టాప్ తెరిచింది. నిన్నటి మెయిళ్ళలో ఒకటి ఉద్యోగాలు చూసిపెట్టే కన్సల్టెంటు ఆఫీసునుంచి వచ్చింది. మీ దరఖాస్తుకి కృతజ్ఞతలు, ఈ ఖాళీ భర్తీ అయినందున మిమ్మల్ని ఎంపిక చేయలేకపోతున్నందుకు చింతిస్తున్నాం అని ఉంది. అదే కంపెనీ, అదే ఉద్యోగం. వచ్చిన టైము ఎనిమిదీ నలభై. తెరిచి చదివినట్టు కూడా గుర్తు ఉంది.

"ఎనిమిదీ నలభైకి నీకు ఉద్యోగం లేదన్నారు. తొమ్మిదీ పదికి ఉద్యోగంలో చేరిపోయింది. ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ ముప్ఫై నిమిషాల్లో ఏం జరిగిందో మీ డిపార్టుమెంటు చెబుతుందా?"

అవి మిషన్లు పంపే ఉత్తరాలని, లక్ష వస్తుంటాయని ఇన్‌స్పెక్టరు కొట్టిపారేశాడు. అయితే మిషను మీట నొక్కినవాళ్ళనే అడుగుదాం పదండి అన్నాడు గడియారం. రానంటే ఓడిపోయినట్టవుతుంది కనక ఇన్‌స్పెక్టరు జీపు తాళాలు తీశాడు.

కన్సల్టెంటు ఆఫీసు చెప్పుల దుకాణం మీద రెండో అంతస్తులో ఒకే గది. వీళ్ళు వెళ్ళేసరికి పదకొండూ యాభై అయింది. యాభై దాటిన ఆవిడ ఫోనులో ఎవరినో ఉతికేస్తోంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, బైకు మీద వాలిన ఫొటో పెట్టి మేనేజరు ఉద్యోగం అడిగితే ఎవడిస్తాడు నాయనా, నీ మొహం కనబడితేనే గదా నిన్ను నమ్మేది అంటోంది. కుర్రకారంతా ఆవిణ్ణి 'ఉద్యోగాల అత్తయ్య' అంటారు. తిట్టకుండా ఎవరికీ ఉద్యోగం ఇప్పించలేదట.

గడియారం కూర్చోకుండానే మొదలుపెట్టాడు. ఖాళీ భర్తీ అయిందని మీట నొక్కింది ఎవరు అన్నాడు. నేనే అంది. ఎప్పుడు నొక్కుతారు అంటే, మామూలుగా అయితే మనిషి చేరి ఒక రోజంతా పనిచేశాకే అంది. చేరతామని చెప్పి ఇంకోచోట చేరేవాళ్ళు సగం మంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

"మరి నిన్న ఆ అమ్మాయి ఇంకా బస్సులో ఉండగానే ఎందుకు నొక్కారు?"

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడని చెప్పింది. ఎన్నింటికి అంటే ఎనిమిదీ ముప్ఫై అయిదుకి. మాకు మనిషి దొరికింది, ఇంకెవర్నీ పంపొద్దు, ఖాళీ మూసెయ్యమన్నాడట. మీట నొక్కితే జాబితాలో ఉన్న అరవై ఒక్కమందికీ చింతిస్తున్నాం అని వెళ్తుంది. ఎంపికైన మనిషి పేరు పక్కన గుర్తు పెడితే ఆ ఒక్కరికి వెళ్ళదు. ఎంపికైంది ఎవరో వాళ్ళు చెప్పలేదు, ఈవిడ గుర్తు పెట్టలేదు. అందుకని చెల్లెలికీ వెళ్ళింది.

"ఇంటర్వ్యూ కాకుండానే మనిషి దొరకడమేమిటని అడగలేదా?"

"అడిగేదాన్నే. కానీ ఈ పనిలో అలా జరుగుతూనే ఉంటుందండీ. బావమరిదికి ఇచ్చుకుని, ఊరందరికీ ఇంటర్వ్యూలు పెట్టేవాళ్ళుంటారు."

ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారా అన్నట్టుంది అతని నవ్వు. గడియారం పట్టించుకోకుండా ఆ ఖాళీ ప్రకటన చూపించమన్నాడు. అది ప్రకటన కాదు, ఒక్క మనిషి కొలతలకి కుట్టిన చొక్కా. సరిగ్గా చెల్లెలికున్నంత, ఆరేళ్ళ అనుభవం, ఆమె చూసిన తరహా లిఫ్టులే, ఆ ఊళ్ళోనే ఉంటూ ఉండాలి. చివర ఒక షరతు: ఈ ఏడాది చేసిన తనిఖీల అసలు నోటు పుస్తకం వెంట తేవాలి, నకళ్ళు చెల్లవు. జీతం ఎంత ఆశిస్తున్నారన్న ప్రశ్న లేదు. ఎప్పుడు చేరగలరన్న ప్రశ్న లేదు. ఆ కంపెనీ ఖాతా తెరిచి ఇవాళ్టికి పదమూడు రోజులు.

"ఈ ప్రకటన మీకు ఎప్పుడొచ్చింది?"

"పన్నెండు రోజులైంది."

"అమ్మా, పదిహేను రోజుల కిందట మీ చెల్లెలు ఏమైనా రాసిందా?"

అక్క ఫోనులో వెతికింది. రాసింది. ఇన్నాళ్ళలో ఆమెకి అన్నిటికంటే పేరు తెచ్చిన పోస్టు అదే. పద్నాలుగు రోజుల కిందట తన నోటు పుస్తకంలోని ఒక పేజీ ఫొటో పెట్టింది. భవనం పేరు బొటనవేలితో మూసి, తాడు ఎంత అరిగిందో ప్రతి నెలా తాను ఎలా కొలిచి రాస్తుందో వివరించింది. పనిమంతురాలని నాలుగు కంపెనీలు అప్పుడే పలకరించాయి. ఆఖరి వాక్యం ఇది: ఆరేళ్ళలో ఒక్క నోటు పుస్తకం కూడా పారెయ్యలేదు, అన్నీ నా దగ్గరే ఉన్నాయి.

గడియారం ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. ఆయనకి ఆ పిల్ల మీద జాలీ వచ్చింది, కోపమూ వచ్చింది. ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు తమలో ఉన్న మంచిగుణం దాచుకోలేరు, దాచుకుంటే ఎవరూ పిలవరు. ఆఫీసు రిజిస్టర్లు తిరగరాసుకుని నిశ్చింతగా ఉన్న పాత కంపెనీకి, చేత్తో రాసిన అసలు లెక్కలు ఇంకా బతికే ఉన్నాయని ఆ వాక్యమే చెప్పింది. ఆ మర్నాడు కొత్త కంపెనీ పుట్టింది. ఆ మర్నాడు ఉద్యోగం పుట్టింది.

"నోటు పుస్తకం ఎక్కడుంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. మొదటిసారి అతని గొంతులో వెటకారం లేదు.

"అయిదు బీరువాలో ఉన్నాయి. ఈ ఏడాదిది తీసుకెళ్ళింది. సంచీలో," అంది అక్క. కన్సల్టెంటు లేచివెళ్ళి ఆమెకి మంచినీళ్ళ గ్లాసు అందించింది.

అప్పుడే కన్సల్టెంటు కంప్యూటరు చిన్నగా మోగింది. ఆవిడ అలవాటు కొద్దీ అటు తిరిగి, అలాగే ఉండిపోయింది. నిన్న ఆ పోస్టు చూసి ఆవిడా అభినందనలు రాసిందట, సొంతంగా ఉద్యోగం చూసుకుందేమోలే అనుకుని. దానికి ఇప్పుడు, పన్నెండూ పదహారుకి, చెల్లెలి ఖాతానుంచి జవాబొచ్చింది: ధన్యవాదాలు మేడమ్. ఈ కంపెనీ ఆఫీసుని మీరు స్వయంగా చూశారా?

గడియారం కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. పొద్దున్న పోస్టు చదివి వదిలేశారు గానీ, దాని కింద అభినందనలు చెప్పిన ఒక్కొక్కరికీ జవాబు ఉంది. నిన్న మధ్యాహ్నం దాకా కొన్ని, ఇవాళ పదిన్నర నుంచి మళ్ళీ. ధన్యవాదాల తర్వాత ప్రతిదాని చివరా ఒక ప్రశ్న. ఈ కంపెనీలో మీకు తెలిసినవాళ్ళున్నారా? ఈ మేనేజరు ఇదివరకు ఎక్కడ పనిచేశారో తెలుసా? ఆ ప్రశ్నల కింద జనం తెలిసింది చెబుతూనే ఉన్నారు. ఒకాయన, ఆ మేనేజరు ఫలానా లిఫ్టు కంపెనీవాడు కదా అని రాశాడు. అది చెల్లెలు పనిచేసిన పాత కంపెనీయే.

"జవాబు చివర ప్రశ్న ఉండాలి, అప్పుడే మాట సాగుతుంది, పోస్టు పైకి తేలుతూ ఉంటుంది అని గోడ మీద రాసుకుంది," అంది అక్క. "ఇది అదే రాస్తోంది. బాబాయిగారూ, అది బతికే ఉంది."

ఆమె అప్పుడు ఏడ్చింది. గడియారం ఆపలేదు. తాను పొరబడ్డానని ఇన్‌స్పెక్టరు ఎదుటే ఒప్పుకున్నాడు, అది ఆయనకి అంత తేలికైన పనేం కాదు. పోస్టు వేరేవాళ్ళు రాసింది కాదు, ఆమే రాసింది. ఎనిమిదీ నలభైకి చింతిస్తున్నాం అన్న ఉత్తరం చదివింది. ఖాళీ మూసేశాక కూడా పదింటి ఇంటర్వ్యూకి రావొద్దని అనలేదంటే వాళ్ళకి కావలసింది తను కాదు, సంచీలోది అని గ్రహించి బస్సు దిగిపోయింది. దరఖాస్తులో ఫోను నంబరుంది కనక ఫోను ఆపేసింది. ఇంటి చిరునామా ఉంది కనక ఇంటికి రాలేదు. అక్కకి చెబితే అక్క పరిగెత్తుకొస్తుంది, అక్క వెనకే వాళ్ళూ వస్తారు. పోలీసుల దగ్గరికి ఇదివరకే ఒకసారి వెళ్ళి చూసింది. ఇక మిగిలింది తనకి తెలిసిన ఒకే ఒక ఉపాయం. నేను ఫలానా కంపెనీకి, ఫలానా అంతస్తుకి, ఫలానా మనిషి దగ్గరికి వచ్చానని రెండువందల పద్నాలుగు మంది సాక్షుల ముందు రాసిపెట్టింది. ఇప్పుడు ఆమెకి ఏమైనా అయితే వాళ్ళే జవాబు చెప్పుకోవాలి. ఆ సాక్షుల చేతే వాళ్ళ కూపీ కూడా లాగుతోంది. ఇన్నేళ్ళుగా ఇదే పనిలో ఉన్నా తనకి ఇంత మంచి ఆలోచన వచ్చేది కాదనిపించింది గడియారానికి.

"అయితే ఇవాళ కూడా అక్కడే ఉందన్నమాట," అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా.

"ఎక్కడ?"

"లైబ్రరీలో. పాత కోర్టు వెనక లైబ్రరీ, కంప్యూటర్ల గది. పోస్టు అక్కణ్ణుంచే పెట్టింది. తొమ్మిదింటికి తెరుస్తారు."

గడియారం లేచాడు. అక్కకి చెప్పాల్సిన పనిలేదన్న ఈ ముక్క ఇంకెవరికి చెప్పావని అడిగాడు. మర్యాదలు ఎప్పుడు ఊడిపోయాయో ఆయనకే తెలియదు. ఇన్‌స్పెక్టరు చేతిలో జీపు తాళాలు అటూ ఇటూ తిప్పాడు.

"కంపెనీకి ఫోన్ చేశానన్నావు. ఏం మాట్లాడావు?"

"చేరిందా అని అడిగాను. చేరిందన్నారు. మరి ఆ టైముకి మీ ఆఫీసులో ఉండాల్సిన మనిషి లైబ్రరీ కంప్యూటర్ నుంచి పోస్టు ఎలా పెట్టిందని అడిగాను. కనుక్కుని చెబుతామన్నారు." అతను పెదాలు తడుపుకున్నాడు. "మామూలు ప్రశ్నే అది."

"ఎన్నింటికి?"

"పదకొండుంబావు."

గోడ గడియారంలో పన్నెండూ ఇరవై రెండు. కంపెనీ ఇచ్చిన చిరునామానుంచి పాత కోర్టుకి నలభై నిమిషాలు. ఇన్‌స్పెక్టరు అప్పటికే వైర్లెస్‌లో తనవాళ్ళని లైబ్రరీకి పొమ్మని అరుస్తూ మెట్లవైపు కదిలాడు. గడియారం కదల్లేదు. కన్సల్టెంటు కంప్యూటర్లో లైబ్రరీ నంబరు వెతికి ఇస్తే, బల్ల మీద ఫోను తీసుకుని తిప్పి, అందరికీ వినబడేలా పెట్టాడు. ఏడుసార్లు మోగింది.

ఎత్తినావిడ గొంతు నిమ్మళంగా ఉంది. లైబ్రేరియన్ని మాట్లాడుతున్నానంది. గడియారం ఆ అమ్మాయి పేరు చెప్పి, కంప్యూటర్ల గదిలో ఉందా అని అడిగాడు.

"నాలుగో నంబరు దగ్గర కూర్చునే అమ్మాయే కదండీ? ఇప్పుడే వెళ్ళిపోయింది. అయిదు నిమిషాలు కూడా కాలేదు. కొత్త ఆఫీసువాళ్ళు ఇద్దరొచ్చారు తీసుకెళ్ళడానికి."

"మీరు పంపించారా?"

"ఎందుకు పంపనండీ? ఆ కంపెనీలో చేరానని తనే పెట్టింది కదా, నేనూ చూశాను. వాళ్ళు అదే చూపించారు నాకు. ముందు రానంది మరి. వాళ్ళు ఫోనులో ఏదో ఫొటో చూపించారు. కళ్ళజోళ్ళ దుకాణం అనుకుంటా, బయటినుంచి తీసింది. అది చూశాక ఇంకేం మాట్లాడకుండా లేచింది."

అక్క చేతిలో గ్లాసు బల్లకి తగిలి నీళ్ళు ఒలికాయి. ఎవరూ తుడవలేదు. మెట్ల దగ్గర ఇన్‌స్పెక్టరు ఆగిపోయాడు.

"వెళ్తూ వెళ్తూ, రిజిస్టర్లో సంతకం పెట్టే వంకతో నా మీదికి వంగి, వాళ్ళు చూడకుండా ఓ సంచీ నా బల్ల కింద పెట్టిందండీ. గోనెరంగు సంచీ," అంది లైబ్రేరియను. ఇప్పుడు ఆవిడ గొంతు తగ్గింది. "అక్క వస్తుంది, అక్కకి తప్ప ఎవరికీ ఇవ్వొద్దని గుసగుసగా అంది. తనకోసం వెతకొద్దని, శుక్రవారం దాన్ని తీసుకుని నేరుగా విచారణకి వెళ్ళమని చెప్పమంది. అలా ఎందుకందో నాకు అర్థం కాలేదు. అక్కగారు మీ పక్కనే ఉన్నారా?"